ముందు నడిచేవాళ్ళు చెప్పాలి

అబద్ధాలు నేను పెద్దగా ఆడను. నాకు నోటి దురుసు ఎక్కువ, అందుకని వాటితో అవసరం పడదు. అలాంటిదాన్ని, అరవై ఏడేళ్ళు వచ్చాక, మా వరండాలో కూర్చున్న ఒక ఆడపిల్ల, మావైపు మాటలో చిన్నగుంట, ట్యాబ్ మీద వేలు పెట్టుకుని “గత పన్నెండు నెలల్లో ఎప్పుడైనా పడ్డారా అమ్మా?” అని అడిగితే, తడుముకోకుండా “లేదు” అనేశాను.

పడ్డాను. అప్పటికి నాలుగు నెలలైంది. రిటైరయ్యాక ముచ్చటపడి బాత్రూంలో నున్నటి టైల్స్ వేయించుకున్నాను. ఆ టైల్సే నా కొంప ముంచాయి. పొద్దుటిపూట తడినేల మీద పడుకోవడమంటే ఏమిటో అరకు చలి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పడడానికి ఎంతసేపు పట్టింది గనక! లేవడమే నా వల్ల కాలేదు. బకెట్ అంచు పట్టుకుంటే బకెట్ నా మీదకే ఒరిగింది. రోజూ గేటు దగ్గర గిన్నె పెడతాను, పాలావిడ పోసి పోతుంది. ఆ రోజు గిన్నె కనపడలేదని లోపలికి తొంగిచూసింది కాబట్టి సరిపోయింది. ఆవిడ చల్లగా ఉండాలి.

ఎముక విరగలేదు. మణికట్టు వాచింది, తుంటి నల్లగా కమిలింది, రెండూ తగ్గాయి. తగ్గనిది భయం. నేల మీద నాకు నమ్మకం పోయింది. డుంబ్రిగుడ మండలంలో ముప్పై ఐదేళ్ళు ఏఎన్ఎంగా చేసినదాన్ని, టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని కొండలెక్కి దిగినదాన్ని, మంచం దగ్గర్నుంచి వంటింట్లోకి గోడ పట్టుకుని పోతున్నాను. నన్ను చూసుకుంటే నాకే ఒళ్ళుమండేది.

నాకు పెళ్ళి కాలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక పోలియో చుక్కల క్యాంపు అడ్డొచ్చేది. నాకున్నది ఒక్క చెల్లెలు. నాలుగేళ్ళు చిన్న. భర్త పోయాక విజయనగరంలో మూడో అంతస్తు ఫ్లాటులో ఒక్కతే ఉంటుంది, పిల్లలు లేరు. నేను పడ్డానని తెలిసి పరిగెత్తుకొచ్చి పదిరోజులుండి చాకిరీ చేసింది. వెళ్ళేముందు నా చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. మావైపు అక్కని అప్ప అంటాం.

“ఇంకొక్కసారి పడ్డావంటే నోరెత్తకుండా నాతో వచ్చీయాలి. ఒట్టెయ్ అప్పా.”

వేశాను. వేశానే గానీ, ఆ ఫ్లాటు తలుచుకుంటే నాకు ఊపిరాడేది కాదు. బాల్కనీలో కుర్చీ వేసుకుని కింద పోయే ఆటోలు చూసుకుంటూ బతకమంటే నేను బతకలేను. ఇరవై రెండేళ్ళకి ఈ కొండలకి వచ్చాను. ఇక్కడ నేను మంచినీళ్ళు తాగని ఇల్లు లేదు. ఒకసారి పడినట్టు ఎక్కడైనా రాతలో పడితే రెండోసారికి దారి చూపించినట్టే అనిపించింది, అందుకే ఆ గుంటకి లేదని చెప్పాను.

ఆ గుంట ఫిజియోథెరపీ చదివింది. సీతంపేట పక్క కొండ ఊరి పిల్ల, ఇంట్లో సవర మాట్లాడుతుంది. పెద్దవయసువాళ్ళు ఎలా నడుస్తున్నారు, తూలకుండా ఎంతసేపు నిలబడగలరు, పడిపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి అని వైజాగ్‌లో ఒక కాలేజీవాళ్ళు పరిశోధన చేస్తుంటే అందులో ఉద్యోగం దొరికింది. ఊళ్ళు తెలిసిన మనిషి తోడు కావాలని ఆసుపత్రిలో అడిగితే నా దగ్గరికి పంపారు. ప్రశ్నలు ఎలా అడగాలో సరిచూసుకోవడానికి ముందు నన్నే కూర్చోబెట్టి అడిగింది. తోడు వస్తానని ఒప్పుకున్నాను. ఇప్పుడు ఊళ్ళకి రోడ్లు పడ్డాయి, ఆటో స్కూలు గేటు దాకా పోతుంది, నడిచే పని తగలదులే అనుకున్నాను.

మొదటి ఊళ్ళోనే కుర్చీ దగ్గర గొడవొచ్చింది. పరీక్ష చాలా తేలిక. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవాలి, కొంచెం దూరంలో నేలకి అంటించిన టేపు దాకా నడవాలి, తిరిగొచ్చి కూర్చోవాలి. ఎంతసేపు పట్టిందో గుంట స్టాప్‌వాచ్ నొక్కి రాసుకుంటుంది. స్కూలు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసి ఒక ముసలాయన్ని కూర్చోమంటే కూర్చున్నాడు. గుంట ఎదురుగా నిలబడగానే లేచి నిలబడ్డాడు. కూర్చోమంది, కూర్చున్నాడు. ఆమె రెడీ అనేలోపే మళ్ళీ లేచాడు. చదువుకున్న ఆడపిల్ల, ఉద్యోగం మీద వచ్చింది, ఆమె నిలబడి ఉండగా తను కుర్చీలో ఎలా కూర్చుంటాడు పాపం! నాలుగోసారికి గుంట కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముందు నువ్వు కూకోవే తల్లీ అని కసిరాను. ఆమె గచ్చు మీద కూలబడితే ఆయన ఇంకా కంగారుపడ్డాడు. చివరికి హెడ్మాస్టరు గదిలోంచి ఇంకో కుర్చీ తెచ్చి ఎదురెదురుగా వేస్తే పని సాగింది.

రెండో గొడవ మా వదిన ఊళ్ళో. వదిన అంటే చుట్టరికమేమీ లేదు. కాఫీ, మిరియాలు, కొంచెం రాగులు పండించుకునే కొండ మనిషి. ఆమె మొదటి కాన్పు నా చేతుల మీద జరిగింది, అప్పట్నుంచీ నేను వదినా అంటాను, ఆమె నర్సమ్మా అంటుంది. ఇంచుమించు నా వయసే. ఆధార్ కార్డులో ఉన్నది ఎవరో మొహం చూసి వేసిన వయసు.

ఒక్కొక్కరే లేచి టేపు దాకా నడవాలని గుంట విడమరిచి చెప్పింది. సరేనని వదిన లేచింది. ఆమె వెనకే ఇంకో నలుగురు ముసలమ్మలు లేచారు. ఒకరి వెనక ఒకరు వరసగా బయల్దేరారు. ముందున్న వదిన ఆ నున్నటి గచ్చు మీద నడుస్తూ “సాపు, సాపు” అని చెప్పుకుంటూ పోతోంది, నేల చదునుగానే ఉందని. గుంట ఆపి మళ్ళీ చెప్పింది. మళ్ళీ ఐదుగురూ లేచారు. టేపు దగ్గరికి రాగానే వదిన “గీత” అంది. ఐదుగురూ దాన్ని తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుని, ఇక ఇంటికే పోతున్నట్టు గేటు వైపు నడిచారు.

నేను నవ్వలేక చచ్చాను. తర్వాత గుంటకి చెప్పాను. ఆ ఊరి దారులు ఒక్క మనిషి పట్టేంత వెడల్పే ఉంటాయి, అందుకని వరసలోనే నడుస్తారు. ముందు నడిచేవాళ్ళు కాలికింద ఏముందో పైకి చెప్పాలి. రాయి, వేరు, జారుడు, మెట్టు, బురద. వెనకవాళ్ళు అది వింటూ అడుగేస్తారు. నెత్తిన మోపున్న మనిషి కిందకి చూస్తే మోపు జారిపోతుంది కదా, అందుకని చెవుల్తో నడుస్తారు. వయసు మళ్ళినవాళ్ళని వరసలో ముందు పెట్టరు, చివరా వదలరు. రెండో చోటు వాళ్ళది. పెద్దామెని ఒక్కదాన్నే పంపించి మిగతావాళ్ళు కూర్చుని చూడడమంటే ఆ ఊళ్ళో పరువు తక్కువ పని.

గుంట తన ట్యాబ్ తీసి నాకు చూపించింది. నడవడానికి ఇంకొకరి సాయం కావాలా అన్న ప్రశ్నకి ఆ ఊరి ముసలివాళ్ళందరూ కావాలని చెప్పారు. పొద్దున్నే కాఫీ పళ్ళ బస్తా మోసుకుని దిగొచ్చినవాళ్ళు కూడా! నిజం చెప్పారు, ఎవరి సాయమూ లేకుండా ఆ ఊళ్ళో ఎవరు నడుస్తారు? ఇంకొకరైతే మీకు అర్థం కాలేదని వాళ్ళనే తప్పు పట్టేవారు. మా గుంట అలా చెయ్యలేదు. ఆ ప్రశ్న పక్కన ఇదంతా వివరంగా రాసుకుంది, మా ప్రశ్నే ఇక్కడికి సరిపోలేదు అంది. ఆ రోజు నుంచి ఆ పిల్లంటే నాకు గౌరవం.

అంతా బాగుంది గానీ, ఎవరైనా ఒక్కరే నడిచి చూపిస్తే మిగతావాళ్ళకి తెలుస్తుందని అనేసి నా వైపు చూసింది.

వరండా నిండా నాకు తెలిసినవాళ్ళే, నేను సూదులు వేసి ఏడిపించినవాళ్ళే. కాదంటే ఎందుకని అడుగుతారు. చేతులు ఆన్చకుండా ఎలాగో లేచాను. టేపు దాకా బాగానే పోయాను. తిరగాల్సిన చోట వరండా అంచు కనిపించింది, కింద మూడు మెట్లు. అంతే, ఏ కాలు ముందు వెయ్యాలో తెలియలేదు. ఒళ్ళు తూలింది. గోడ కోసం చెయ్యి చాస్తే అక్కడ గోడ లేదు. వెనకనుంచి ఎవరో నడుం పట్టుకున్నారు. వదిన. నా వెనకాల ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు. ఏమైందని అడగలేదు. నన్ను దాటుకుని ముందుకొచ్చి, నాకు వీపు పెట్టి నిలబడింది.

“సూడకు నర్సమ్మా. ఇనుకో.”

సాపు అంది, అడుగేశాను. సాపు అంది, ఇంకో అడుగేశాను. కుర్చీ వచ్చేదాకా అలా తీసుకొచ్చింది. కూర్చున్నాక నాకు ఏడుపు ఆగలేదు, ఎందుకంటే ఆ వీపు నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, వర్షంలో, విజయనగరంలో కొన్న మడమ చెప్పులేసుకుని ఎర్రమట్టి దారిలో ముందుకీ వెనక్కీ పోలేక ఏడుస్తూ నిలబడితే, నెత్తిన కట్టెల మోపుతో వచ్చిన ఒక పడుచు మనిషి చెప్పులు విప్పమని సైగ చేసి, ఇలాగే ముందు నిలబడి, ఒక్కో మాట చెబుతూ నన్ను ఊళ్ళోకి దించింది. వాళ్ళ భాషలో నేను మొదట నేర్చుకున్న మాటలు అవే. మా అమ్మ నాకు ఒకసారే నడక నేర్పింది. వదిన రెండోసారి కూడా నేర్పాల్సి వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో గుంట మెల్లగా, ఫారంలో మీ జవాబు మార్చమంటారా అని అడిగింది. నీ పని నువ్వు చూసుకో అని గయ్యిమన్నాను. వంతెన దాటాక నాకే సిగ్గేసి మొత్తం చెప్పేశాను, టైల్సూ, బకెట్టూ, ఒట్టూ, అన్నీ. జాగ్రత్తగా ఉండాలని పాఠం చెప్తుందేమో, చెప్తే ఆటో దిగిపోదామనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది, పడ్డాక ఎలా లేచారని. లేవలేదు, లేపారు అన్నాను.

“అయితే ముందు అది నేర్చుకుందాం” అంది.

మర్నాడు చాప పట్టుకుని వచ్చింది. నన్ను నేల మీద పడుకోబెట్టి లేవమంది. కంగారుపడి ఒక్కసారిగా లేవబోకూడదట. ముందు ఊపిరి పీల్చుకుని ఎక్కడ నొప్పిగా ఉందో చూసుకోవాలి. పక్కకి దొర్లాలి. మోచేతి మీద లేవాలి. చేతులూ మోకాళ్ళ మీదకి రావాలి. కదలని వస్తువు ఏదైనా పట్టుకుని, ఒక పాదం ముందుకు వేసి, అప్పుడు నిలబడాలి. మొదటిరోజు ఆ పిల్లని తిట్టని తిట్టు తిట్టాను. ఆమె నవ్వుతూ మళ్ళీ పడుకోమనేది. అన్నం ఉడికేలోగా వంటగట్టు పట్టుకుని ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడమంది. బాత్రూంలో గోడకి కమ్మీ వేయించింది, కింద రబ్బరు చాప పరిపించింది. నా ముద్దుల టైల్స్ కనపడకుండా పోయాయి, పోనీ.

డుంబ్రిగుడ సంత రోజున వదిన మిరియాలు అమ్ముకుని బస్సెక్కి మా ఇంటికి వచ్చేది. టీ తాగి పద అనేది. ఆమె ముందు, నేను వెనక. మొదట వీధి చివర దాకా, తర్వాత మేం గెడ్డ అనే వాగు దాకా, ఆ తర్వాత గెడ్డ దాటి. ఎందుకే నా కోసం ఇంత కష్టపడతావని ఒకసారి అడిగితే, నీ కోసం ఎవలొచ్చారు, టీలో పంచదార బాగా యేత్తావని వస్తన్నాను అంది. పెళ్ళీ పిల్లలూ లేనిదానివి ముసలితనంలో ఎవరు చూస్తారని నన్ను భయపెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి వదిన సంగతి తెలియదు.

నేను కొండల్లో తిరుగుతున్నానని పాలావిడ నోటి నుంచి మా చెల్లి చెవిలో పడింది. మళ్ళీ పడేదాకా ఆగడమేటి అని, కొండ దిగి వెళ్ళడానికి ఆదివారం రైలుబండికి రెండు టికెట్లు కొనేసుకుని శుక్రవారం ఊడిపడింది. నేను పోట్లాడలేదు. ట్యాబ్ పిల్లకి పడలేదని అబద్ధం చెప్పిన సంగతి కూడా ఒప్పేసుకున్నాను. శనివారం వదిన తోటలో కాఫీ పళ్ళు కోస్తున్నారు, ఒక్కసారి వచ్చి నన్ను చూడు, ఆ తర్వాత నీ ఇష్టం అన్నాను.

ముందురోజు వాన పడింది. స్కూలు దగ్గర ఆటో దిగి కాలిదారి పట్టాం. వదిన ముందు, నేను రెండో చోట, మా చెల్లి నా వెనక. ఏటప్పా ఈ కూతలు అని మా చెల్లి మొదట వెక్కిరించింది. పది అడుగులు పోయాక నోరుమూసుకుని వినడం మొదలుపెట్టింది. ఎక్కడం బాగానే ఎక్కాం. చెట్ల నీడలో కూర్చుని కాసిని కాఫీ పళ్ళు కోశాం కూడా. దిగేటప్పుడు వదిన జారుడు అంది. నేను విన్నాను. విని, ఆ మాట మా చెల్లికి అందించాలని వెనక్కి తిరిగి చూశాను. వరసలో వెనక్కి తిరగకూడదని ఆ ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు. కాలు సర్రుమని పోయింది, ఎర్రబురదలో పక్కకి పడ్డాను.

మా చెల్లి మొహంలో రక్తం లేదు. ఒట్టు మా ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. నన్ను లేపడానికి వంగబోతే వదిన ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. కాళ్ళూ చేతులూ కదిపి చూసుకున్నాను, ఎక్కడా పెద్ద నొప్పి లేదు. పక్కకి దొర్లాను. మోచెయ్యి, మోకాళ్ళు. చేతికందిన సిల్వర్ ఓక్ మాను పట్టుకుని ఒక పాదం ముందుకేశాను. లేచాను. నా అంతట నేనే లేచాను. వదిన నన్ను నెత్తి నుంచి పాదాల దాకా ఒకసారి చూసి, బురద అని చెప్పి ముందుకి నడిచింది. నాకు నవ్వొచ్చింది గానీ మా చెల్లి నవ్వలేదు.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర కూర్చుని నా చీర ఉతుకుతూనే ఉంది. ఆ ఎరుపు ఎంత ఉతికినా పోదని చెప్పినా వినలేదు. ఒట్టు మాట ఎత్తలేదు. నేనే సంచి సర్దుకున్నాను. ఒక అబద్ధం ఆడి చూశాను, ఇంకోటి నా వల్ల కాదు. పడ్డాను, తను కళ్ళారా చూసింది, వేసిన ఒట్టు తన నెత్తి మీదే వేశాను. గోడ కమ్మీ ఒకసారి పట్టుకుని చూసి ఇల్లు తాళం పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం అరకు స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. బండి లేటు. నా సంచి నా ఒళ్ళో ఉంది. మా చెల్లి పట్టాల వైపు చూస్తూ చెప్పింది.

“నేనూ పడ్డానప్పా. ఈ ఏడాదిలో రెండుసార్లు. రెండోసారి మధ్యాహ్నం పడితే సాయంత్రం దాకా లేవలేకపోయాను.”

ఎందుకు చెప్పలేదే అన్నాను. నువ్వు ఆ ట్యాబ్ పిల్లకి చెప్పావేటి అంది.

“నువ్వొస్తే ఇంట్లో ఇంకో మనిషి అలికిడి ఉంటుందనుకున్నాను. నిన్ను చూసుకోడానికి కాదు.”

ఇన్నాళ్ళూ నన్ను బాల్కనీలో కూర్చోబెట్టడానికి వచ్చిందనుకుని మనసులో ఎంత తిట్టుకున్నానో. ఆ మూడో అంతస్తులో సాయంత్రం దాకా నేల మీద పడున్నది ఇది. తన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి నా ఒళ్ళో సంచి తీసి బెంచీ మీద పక్కన పెట్టింది. నువ్వు రానక్కర్లేదు, ఫ్లాటు తాళం పెట్టి నెలాఖరుకి నేనే ఇక్కడికి వచ్చేస్తానంది. నిన్న బురదలో లేచావే, అలా లేవడం నాకూ నేర్పించమంది. ఆ నేర్పే గుంట నాకంటే మొండిదని చెప్పాను. మరి వరసలో నా చోటేది అని అడిగింది. రెండోది నీకిచ్చేస్తాను, నేను మూడో చోటుకి పోతాలే అన్నాను.

బండి వచ్చింది. ఎంతోసేపు ఆగదు. ప్లాట్‌ఫారం కిందకి ఉంది, పెట్టె మెట్లు ఎత్తుగా ఉన్నాయి. మా చెల్లి కమ్మీ పట్టుకుని, మెట్టు వైపు చూసి, ఎక్కకుండా ఆగిపోయింది. ఆ ఆగడం నాకు బాగా తెలుసు. వెనకాల జనం తోసుకుంటున్నారు. చెప్పాల్సినవాళ్ళు ముందుండాలి, నేనేమో వెనకున్నాను, అయినా చెప్పాను. చూడకు, విను అన్నాను. మెట్టు. ఇంకో మెట్టు. ఇంకొకటుంది, ఎత్తు. ఇప్పుడు సాపు.

తను కిందకి చూడకుండా, వింటూ ఎక్కింది.